మీ అమ్మాయి ఏ బ్రాంచి?

ఎంసెట్ ర్యాంకు వచ్చిన ఇంట్లో ఈ ప్రశ్న వినపడని రోజుండదు. (2024 నుంచి దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు గానీ మన నోటికి ఎంసెట్టే!) మా అమ్మాయి "సైబర్ సెక్యూరిటీ" అనేసరికి మా ఆడబిడ్డ మూతి విరిచింది. "దొంగల్ని పట్టే సదువు ఆడపిల్లకెందుకు వదినా? సక్కగ సీఎస్సీ రాయించరాదూ!"

బీకాం చదివి, వంటింట్లో కథలు రాసుకునే నాకు ఈ బ్రాంచీల సంగతి ఏం తెలుసు? కానీ నిరుడు జరిగింది మాత్రం నేను మర్చిపోలేదు. బ్యాంకు నుంచి అంటూ ఎవరో ఫోన్ చేస్తే, పొయ్యి మీద పాలు పొంగుతున్న హడావిడిలో ఓటీపీ చెప్పేశాను. ఎనిమిది వేలు పోయాయి. మావారికి చెప్పడానికి భయపడి తెల్లారేదాకా ఆగాను. పొద్దున నా మొహం చూసి విషయం లాగి, 1930 నంబరుకి ఫోన్ చేయించింది మా అమ్మాయే. వెంటనే చేసి ఉంటే డబ్బు దాటిపోకుండా ఆపే వీలుండేదట. ఆ రాత్రి నా భయం ఖరీదు ఎనిమిది వేలు. అది ఆ రోజే ఈ చదువు మీద మనసు పెట్టుకుంది.

"అసలేం నేర్పుతారే అందులో?" అని అడిగాను, మాడుగులపల్లిలో మిర్యాలగూడ బస్సు కోసం నిలబడినప్పుడు. అది టోల్‌గేటు వైపు చూపించింది. "ఆ బియ్యం లారీలు చూడమ్మా. నెట్‌వర్క్‌లో సమాచారం కూడా ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్క మీద ఎక్కణ్ణించి ఎక్కడికో చిరునామాతో పోతుంది. గేటు దగ్గర నిలబడి దేన్ని పోనివ్వాలో, దేన్ని ఆపాలో చూసేది ఫైర్‌వాల్. లోపలి సరుకు ఎవరికీ కనపడకుండా తాళం వేసేది ఎన్‌క్రిప్షన్." నాకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టయింది.

జేఎన్‌టీయూ హైదరాబాద్ కింది కళాశాలల్లో ఈ బ్రాంచి 2020-21 నుంచి ఉంది. పేరు కొత్తదే గానీ పునాది పాతదే. ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, కంప్యూటర్ నెట్‌వర్క్స్... ఇవి సీఎస్సీ వాళ్లకీ ఉంటాయి. క్రిప్టోగ్రఫీ, ఫోరెన్సిక్స్ లాంటివి వీళ్లకి ఎక్కువ. కాబట్టి బ్రాంచి పేరు కోసం ఇంట్లో యుద్ధాలక్కర్లేదు. చూడాల్సింది లేబొరేటరీ! మేం వెళ్లిన ఒక కాలేజీలో కంప్యూటర్లు దుప్పట్లు కప్పుకుని నిద్రపోతున్నాయి. నెట్‌వర్కింగ్ చెప్పే మేడం ఎవరని అడిగితే "వస్తారండీ" అన్నారు. మేం మళ్లీ అటు పోలేదు.

ఇంజనీరింగ్ ఒక్కటే దారి కాదు. పది తర్వాత పాలిసెట్ రాసి కంప్యూటర్ డిప్లొమా చేస్తే, ఈసెట్‌తో బీటెక్ రెండో ఏట చేరొచ్చు. డిగ్రీలో కంప్యూటర్స్ కావాలంటే 2016లో మొదలైన 'దోస్త్' ద్వారా దరఖాస్తు చేయాలి. మన నల్గొండలోనే 2007లో పెట్టిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది. ఐఐటీల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఇంట్లో కూచునే ఉచితంగా వినొచ్చు.

ఒక్కటి మాత్రం దాచను. ఈ రంగంలో కాపలా ఉద్యోగాలు కొన్ని ఇరవై నాలుగ్గంటలూ నడుస్తాయి, రాత్రి డ్యూటీలు పడతాయి. మావారి బెంగంతా అదే. "మరి నర్సమ్మలు చేయట్లేదా నాన్నా?" అంది పిల్ల. ఆయన పేపరు మడిచి లేచారు గానీ, ఆప్షన్లు పెట్టేరోజు పక్కనే కూచుని మొదటి వరసలో దాని మాటే ఉండనిచ్చారు.

మొన్న రాత్రి పదింటికి ఆడబిడ్డ ఫోను. "వదినా, కరెంటు బిల్లు కట్టకపోతే కోసేస్తమని ఏదో లింకు పంపిన్రు. నొక్కాల్నా?"

"ఆగాగు, ఏదీ నొక్కకు!" అని ఫోన్ పిల్ల చేతికిచ్చాను.