ఇంటి విద్యుత్తు - కాగితముపై లెక్క

గత చలికాలమున ఒక ఉదయము మా ఇంట నీళ్లు కాచు హీటరు పెట్టిన కొంతసేపటికి కాలిన వాసన వచ్చినది. స్విచ్చి ఆపి చూడగా సాకెట్టు ఒకప్రక్క నల్లబడి కరిగియున్నది. హీటరునకు మాత్రము ఏ లోపమును లేదు. ఫ్యూజు కూడ కాలలేదు. ఇట్లేల జరిగినది? సమాధానము చిన్న లెక్కలోనే దొరకినది.

విద్యుత్తును గొట్టములో నీటితో పోల్చుట వాడుక. నీటిని త్రోయు ఒత్తిడి వంటిది వోల్టేజి. దీని కొలత వోల్టు. పారు నీటి మొత్తము వంటిది కరెంటు; దీని కొలత ఆంపియరు. ఇరుకు గొట్టము నీటిని అడ్డగించినట్లు తీగ కరెంటును అడ్డగించును. ఇది నిరోధము, దీని కొలత ఓము. జార్జి సైమన్ ఓమ్ అను జర్మను ఉపాధ్యాయుడు 1827లో ప్రకటించిన గ్రంథమున ఈ మూడింటి సంబంధమును వివరించెను. వోల్టులను ఆంపియర్లతో భాగించినచో ఓములు వచ్చును. ఆ రెండింటినే గుణించినచో వాట్లు, అనగా సామర్థ్యము, వచ్చును. ఫ్యాను, మోటారు వంటివాటికి ఈ లెక్కలో కొంత సవరణ కావలెను. వేడినిచ్చు సాధనములకు ఇది చాలును.

మా హీటరు 2000 వాట్లది. ఇంటి సరఫరా 230 వోల్టులు. 2000ను 230తో భాగింపగా కరెంటు 8.7 ఆంపియర్లు. 230ని 8.7తో భాగింపగా నిరోధము సుమారు 26 ఓములు. ఇంటిలోని చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు మాత్రమే తగినది. 230ని 6తో గుణించిన 1380 వాట్లు; అదియే దాని హద్దు. మేము హీటరు పెద్ద ప్లగ్గును అడాప్టరుతో ఆ చిన్న సాకెట్టులోనే పెట్టితిమి.

అంతేకాదు, పాతబడిన ఆ సాకెట్టులో పిన్ను వదులుగా నుండెను. వదులైన చోట అర ఓము నిరోధము ఏర్పడినదనుకొందము. అచ్చట పుట్టు వేడిని తెలిసికొనుటకు కరెంటును కరెంటుతోనే గుణించి, మరల నిరోధముతో గుణింపవలెను. 8.7ను 8.7తో గుణించిన సుమారు 76; అందు సగము 38 వాట్లు. బొటనవ్రేలంత చోట 40 వాట్ల బల్బు వేడి యంతయు నిలిచినచో ప్లాస్టిక్కు కరుగక ఏమగును? కరెంటు రెట్టింపైనచో ఈ వేడి నాలుగు రెట్లగునని గూడ గుర్తింపవలెను.

మరి ఫ్యూజు కాలలేదేమి? అది 10 ఆంపియర్లది. వదులు వలన కరెంటు పెరుగదు సరికదా, అధిక నిరోధముచే కొంచెము తగ్గును. కరెంటు మితిమీరినపుడే ఫ్యూజు కాలును. సాకెట్టులోని వేడిని అది ఎరుగదు. కనుక ఈ ప్రమాదమును కనిపెట్టవలసినది మనమే.

శ్రోతలు తమ ఇంటి హీటరు, ఇస్త్రీపెట్టె మీది వాట్లను చూచి 230తో భాగింపుడు. ఫలితము 6 ఆంపియర్లకు మించినచో 16 ఆంపియర్ల సాకెట్టునే వాడుడు. వాడిన పిమ్మట స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి తాకి చూడుడు. అది వేడిగా నున్నచో పనివానిని పిలిచి సాకెట్టు మార్పింపుడు. మేము ఆ పని వాసన వచ్చిన తరువాత చేసితిమి. ముందే చేసిన మేలు.