పిండంలో పడుగు సిద్ధం చేసేదెవరు?

బాలలూ! మంగళగిరి నేతవారు నూలును తిన్నగా మగ్గానికి ఎక్కించరు. ముందు పడుగు సిద్ధం చేస్తారు. మన కణాల్లోనూ అంతే. ఫోలిక్ ఆమ్లాన్ని డి.హెచ్.ఎఫ్.ఆర్. అనే ఎంజైము పనికొచ్చే రూపంలోకి మారిస్తేనే కొత్త డి.ఎన్.ఎ. తయారవుతుంది.

ఆ ఎంజైము తయారీకి సూచన ఒక జన్యువులో ఉంటుంది. అయితే తొలి 2 రోజులు పిండం తల్లి అండంలోని నిల్వలతోనే గడుపుతుంది. 4 నుంచి 8 కణాలయ్యేసరికి దాని సొంత జన్యువులు విరివిగా పనిలోకి దిగుతాయి.

సుమారు 28వ రోజుకల్లా మెదడు, వెన్నుపాముగా మారే నాళం మూసుకోవాలి. అప్పటికి తల్లికి గర్భం సంగతే తెలియకపోవచ్చు! ఫోలిక్ ఆమ్లం చాలకపోతే ఆ నాళం తెరుచుకునే ఉండిపోయే ప్రమాదం హెచ్చు. అందుకే గర్భానికి ముందునుంచే ఆ మాత్రలు వేసుకోమంటారు వైద్యులు.

ఆ ఆమ్లాన్ని 1945లో అమెరికా ప్రయోగశాలలో తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే. పనివాడెంత నేర్పరైనా నూలు లేనిదే పడుగు లేదు కదా!