టికెట్టు ధర, రుసుము, వాపసు

సంగీత కచేరీకిగాని క్రికెట్ పోటీకిగాని టికెట్టు కొనుటకు ఒకప్పుడు వరుసలో గంటల తరబడి నిలబడవలసి వచ్చేది. నేడు ఆ పని ఆన్‌లైన్‌లో క్షణాలలో ముగుస్తున్నది. అయితే 500 రూపాయల టికెట్టుకు చివరకు అంతకన్న ఎక్కువ చెల్లించవలసి రావడం పరిపాటి. అమ్మకపు సంస్థ తన సేవకు తీసుకునే సౌకర్య రుసుము, దానిపై 18 శాతం వస్తు సేవల పన్ను అందులో చేరుతాయి. కార్యక్రమం రద్దయి టికెట్టు ధర తిరిగి వచ్చినా, ఈ రుసుము వాపసు కాదని పలు సంస్థల నిబంధనలు చెబుతాయి. కనుక కొనుగోలుకు ముందే వాటిని చదవడం అవసరం.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం రుసుములు, పన్నులు కలిసిన మొత్తం ధరను వివరాలతో సహా చూపాలి. ముందుగానే టిక్కు పెట్టిన గడిని కొనుగోలుదారుని సమ్మతిగా భావించరాదు. తాను ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అటువంటి రుసుమునే భరించే సంస్థ మాత్రమే వినియోగదారునిపై రద్దు రుసుము విధించవచ్చును. తొలుత తక్కువ ధర చూపి, చివర అదనపు రుసుములు బయటపెట్టే పద్ధతిని 2023 నవంబరులో వెలువడిన మార్గదర్శకాలు నిషేధించాయి.

అన్యాయం జరిగినచో 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి తెలుపవచ్చును. అక్కడ పరిష్కారం లభించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. కొనుగోలు విలువ 5 లక్షల రూపాయలు మించనంతవరకు ఫిర్యాదుకు రుసుము లేదు. చిన్న మొత్తమే గదా అని ఊరుకున్న ప్రతిచోటా హక్కు కాగితానికే పరిమితమవుతుంది. రసీదును భద్రపరచుకొని అడిగిన చోటనే అది ఆచరణలోకి వస్తుంది.