చస్తే అంతే: ఒక్క ప్రాణంతో ఆడే ఆటలో రుచి ఏంటి?

ఈ వారం ఎపిసోడ్‌లో "పర్మాడెత్" అన్న మాట చాలాసార్లు వచ్చింది. అదేంటన్నా అని సెరంగూన్‌లో ఆదివారం కలిసిన తమ్ముళ్ళు అడిగారు, అందుకే రాస్తున్నా. మామూలు గేమ్‌లో చచ్చిపోతే మళ్ళీ లేస్తాం. పర్మాడెత్‌లో చస్తే అంతే, మొదటినుంచి ఆడుకోవాల్సిందే. 1980లో వచ్చిన రోగ్ అనే కంప్యూటర్ గేమ్‌లోనే ఈ పద్ధతి ఉంది. కాకపోతే అక్కడ రూల్ పెట్టింది గేమ్ తయారుచేసినవాళ్ళు. నేను చెప్పేది ఎవరూ అడక్కుండా మనకు మనమే పెట్టుకునే రూల్ గురించి.

దీనికి పెద్ద ఉదాహరణ నజ్‌లాక్. 2010లో నిక్ ఫ్రాంకో అనే అతను పోకెమాన్ రూబీ ఆడుతూ, తన ఆటను బొమ్మల కథగా గీసి నెట్‌లో పెట్టాడు. అతని రూల్స్ ఇవి: ఒక్కో ఏరియాలో మొదట ఎదురుపడ్డ పోకెమాన్‌నే పట్టాలి. పోరాటంలో అది పడిపోతే చచ్చినట్టే లెక్క, మళ్ళీ వాడకూడదు. పట్టిన ప్రతిదానికీ ఒక పేరు పెట్టాలన్నది ఆడేవాళ్ళలో చాలామంది పాటించే ఇంకో రూల్. అసలు కిటుకు ఈ పేరులోనే ఉందని నా లెక్క. ఊళ్ళో మేకపిల్లకు పేరు పెట్టాక దాన్ని కొయ్యబుద్ధి కాదు చూడండి, అలాగన్నమాట. మామూలుగా ఎవడూ పట్టించుకోని పిట్టకు "సీతాలు" అని పేరు పెట్టి, నాలుగు పోరాటాలు గెలిపించాక అది పోతే గుండె కలుక్కుమంటుంది.

మైన్‌క్రాఫ్ట్‌లో హార్డ్‌కోర్ మోడ్ కంప్యూటర్‌కి 2011లోనే వచ్చింది. ఫోన్‌లో 2024 దాకా లేదు. అప్పటివరకూ ఫోన్‌లో ఒక్క ప్రాణంతో ఆడాలంటే, చచ్చాక తమ ప్రపంచాన్ని తామే డిలీట్ చేసుకోవాలి. అడిగేవాడెవడూ లేడు, అయినా చేసేవాళ్ళు! ఫిల్జా అనే ఆటగాడు ఐదేళ్ళు కాపాడుకున్న ప్రపంచం 2019లో ఒక పిల్ల జాంబీ వల్ల పోయింది.

భయం మనకేం కొత్త కాదు. పొద్దున్నే హార్నెస్ తగిలించుకుని ఎత్తుకి ఎక్కేవాళ్ళం. అలాంటివాళ్ళు రాత్రి రూమ్‌కొచ్చి ఇంకో భయం ఎందుకు కొనితెచ్చుకుంటారు? ఇరవై మందికి పని పురమాయించే మనిషిగా నాకు తోచింది చెప్తా. సైట్‌లో రూల్స్ అన్నీ ఇంకొకరివి. లారీ టైము, ఓవర్‌టైము, ఆఖరికి భోజనం టైము కూడా. ఇక్కడ రూల్ మనది, భయం ఎంతో కూడా మనమే కొలిచి పెట్టుకుంటాం. పోయేది బొమ్మే, మనిషికి గీత కూడా పడదు. కానీ ప్రతి అడుగూ చూసుకుని వేస్తాం. వైకుంఠపాళిలో పెద్దపాము దగ్గరికొస్తే గవ్వలు వేసే చెయ్యి నెమ్మదిస్తుందే, ఆ రుచి ఇది.

ఇందులో డబ్బు ఆదా కూడా ఉంది. చాలా ఫోన్ గేమ్స్ మళ్ళీ బతికించడానికి డాలర్లు అడుగుతాయి. చస్తే అంతే అనుకున్నవాడికి అమ్మడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. నిద్ర మాత్రం పోతుంది, "ఇప్పుడు ఆపితే ఎలా" అనిపిస్తుంది కాబట్టి. మర్నాడు ఎత్తు మీద పని ఉన్నవాళ్ళు పదింటికి ఆపేయండి. సేవ్ చేసి ఆపితే ఏ రూలూ తప్పినట్టు కాదు.

మొదలుపెట్టేముందు రూల్స్ కాగితం మీద రాసుకోండి, చచ్చాక బేరాలు ఉండవు. ముఖ్యంగా వైఫై కట్ అయి చస్తే లెక్కా కాదా అన్నది ముందే తేల్చుకోండి. మా రూమ్‌లో అయితే లెక్కే.