బండి కింద నూనె చుక్క

ఇంకా తెల్లవారలేదు. టమాటా బాక్సులు ఎక్కించాలి. మదనపల్లె మార్కెట్టుకు పోవాలి. వాకిట్లో పికప్పు బండి నిలిచి ఉంది.

ఆ బండి ఒక అక్కది. సంఘంలో అప్పు తీసుకుని పాత బండి కొన్నది. మరిది నడుపుతాడు. అక్క లెక్కలు చూస్తుంది. నెలనెలా కంతు కట్టాలి. బండి తిరిగితేనే కంతుకు డబ్బు. బండి ఆగినా అప్పు ఆగదు కదా!

ఆ రోజు అక్క కల్లాపి చల్లబోయింది. బండి వెనక భాగం కింద నేల మీద నల్లని మరక కనిపించింది. వేలితో తాకి చూసింది. జిడ్డుగా ఉంది. ఘాటుగా వాసన వస్తోంది.

"ఏం నాయనా, ఇది ఏం నూనె?" అని అడిగింది.

"వెనక ఇరుసులోది వదినా. నిన్న చేని దారిలో రాయి తగిలింది. నాలుగు చుక్కలే కదా. తర్వాత చూద్దాం" అన్నాడు మరిది.

"కుండకు చిల్లి పడినాక చుక్కా, చెంబెడా అని చూస్తామా? ఈ పూట బాక్సులు పక్కింటోళ్ల బండిలో పోనీ. మన బండి మేస్త్రీ దగ్గరికి పోవాలి" అంది అక్క.

ఆమె చేసింది మంచి పని. ఎందుకో తెలుసుకుందాం.

ఆ గుండులో ఏముంది?

పికప్పు బండి వెనక్కి వెళ్లి వంగి చూడండి. రెండు చక్రాల నడుమ ఇరుసు ఉంటుంది. ఇరుసు మధ్యలో గుండు లాంటిది ఉంటుంది. దానిలో పళ్ల చక్రాలు ఉంటాయి. దాన్ని డిఫరెన్షియల్ అంటారు.

ఇంజను బండి ముందు ఉంటుంది. దాని బలం ఒక పొడుగు రాడ్డు ద్వారా వెనక్కి వస్తుంది. ఈ గుండులోని పళ్ల చక్రాలు ఆ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచుతాయి.

ఇంకో పని కూడా చేస్తాయి. కళ్లంలో ఎద్దులను తోలడం చూశారు కదా. నడుమ రాట దగ్గరి ఎద్దు తక్కువ నడుస్తుంది. చివరి ఎద్దు ఎక్కువ నడుస్తుంది. బండి మలుపు తిరిగినా అంతే. లోపలి చక్రం తక్కువ తిరగాలి. బయటి చక్రం ఎక్కువ తిరగాలి. రెండూ ఒకే లెక్కన తిరిగితే టైర్లు ఈడ్చుకుపోతాయి. ఈ పళ్ల చక్రాలు ఆ తేడాను సర్దుతాయి.

ఈ ఉపాయం కొత్తది కాదు. 1820ల్లోనే ఫ్రాన్సు దేశంలో పెక్కర్ అనే గడియారాల పనివాడు దీన్ని తయారు చేశాడు.

మూత చెడితే ఏమవుతుంది?

పళ్ల చక్రాలు ఒకదానికొకటి రాసుకుంటాయి. వేడి పుడుతుంది. అందుకే అవి నూనెలో మునిగి తిరగాలి. ఆ నూనెను కాపాడేది గుండు వెనక ఉన్న రేకు మూత. చుట్టూ బోల్టులు ఉంటాయి.

రాయి తగిలితే మూత సొట్ట పోతుంది. తుప్పు పడితే చిల్లులు పడతాయి. కొందరు జాకీని ఆ మూతకే ఆనించి బండి లేపుతారు. అప్పుడు కూడా మూత వంగుతుంది. నూనె కారుతుంది.

నూనె తగ్గితే పళ్లు అరుగుతాయి. ముందు గుయ్యిమని మోత వస్తుంది. తర్వాత పళ్లు విరుగుతాయి. నడి దారిలో ఇరుసు పట్టేసుకోవచ్చు. అప్పుడు బండిలోని వారికీ ప్రమాదమే. మూత మార్చడం చిన్న ఖర్చు. పళ్ల చక్రాలు మార్చడం చాలా పెద్ద ఖర్చు.

అన్ని బండ్లకూ విప్పే మూత ఉండదు. కొన్నింటికి మూత అతికేసి ఉంటుంది. అక్క బండికి విప్పే మూతే ఉంది.

మేస్త్రీ ఏం చేశాడు?

ముందు బండిని చదునైన నేల మీద నిలిపాడు. హ్యాండు బ్రేకు వేశాడు. ముందు చక్రాలకు ముందూ వెనకా అడ్డు కట్టెలు పెట్టాడు. జాకీతో లేపి ఇరుసు కింద రెండు వైపులా ఇనుప స్టాండ్లు పెట్టాడు. వట్టి జాకీని నమ్మి బండి కింద ఎవరూ దూరకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది.

తర్వాత మూత చుట్టూ ఉన్న మట్టిని తీగ బ్రష్షుతో దులిపాడు. మట్టి లోపల పడితే పళ్లకు చేటు.

ఆ తర్వాత నూనె పోసే బిరడాను విప్పి చూశాడు.

"నూనె తీయకముందే పోసే బిరడా ఎందుకన్నా?" అని అడిగింది అక్క.

"ఇది తుప్పు పట్టి రాకపోతే ఎట్లక్కా? ఉన్న నూనె కిందికి పోతుంది. కొత్తది పోయడానికి దారి ఉండదు" అన్నాడు మేస్త్రీ.

కింద వెడల్పు తట్ట పెట్టాడు. బోల్టులు ఒక్కొక్కటే పానాతో విప్పాడు. పైన రెండు మాత్రం వదులు చేసి ఉంచాడు. మూత కింది అంచును మెల్లగా కదిపాడు. నూనె తట్టలోకి కారింది. తర్వాత మూత తీశాడు.

లోపల ఏం చూడాలి?

నూనెలో సన్నని బూడిద లాంటి పొడి కొంచెం ఉంటే భయం లేదు. అది మామూలు అరుగుదల. ఇనుప ముక్కలు కనిపిస్తే పన్ను విరిగిందని అర్థం. నూనె పాల రంగులో ఉంటే నీళ్లు కలిశాయని అర్థం. అక్క బండిలో ముక్కలు లేవు. నీళ్లూ లేవు. అక్క ఊపిరి పీల్చుకుంది.

మూత కూర్చునే అంచు మీద పాత ప్యాకింగు అతుక్కుని ఉంది. మేస్త్రీ దాన్ని గీత పడకుండా గీకాడు. శుభ్రమైన గుడ్డతో తుడిచాడు. గీత పడినా, జిడ్డు మిగిలినా మళ్లీ కారుతుంది.

కొత్త మూత బిగించడం

కొత్త మూతను పాత మూతతో పోల్చారు. బోల్టు రంధ్రాలు సరిపోయాయి. అంచుకు సీలు మందును ఒకే గీతగా పూశాడు. రంధ్రాల చుట్టూ కూడా పూశాడు. బోల్టులు అన్నీ ముందు చేత్తో ఎక్కించాడు. తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాడు. ఒక పక్కనే బిగిస్తే మూత వంకర పోతుంది. మరీ బిగిస్తే బోల్టు తెగుతుంది.

సీలు మందు ఆరాలి. ఎంత సేపు అనేది ట్యూబు మీద రాసి ఉంటుంది. తొందర పడకూడదు.

డబ్బా మీద చదివిన అంకె

ఈ లోగా కుర్రాడు నూనె డబ్బా తెచ్చాడు. అక్క చేతిలో బండి పుస్తకం ఉంది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. అంకెలు వచ్చు. పుస్తకంలో ఇరుసు బొమ్మ దగ్గర 80, 90 అని ఉంది. డబ్బా మీద 20, 40 అని ఉంది.

"అన్నా, ఈ అంకెలు కలవడం లేదు" అంది అక్క.

మేస్త్రీ చూశాడు. "నిజమే అక్కా. ఇది ఇంజనుకు పోసేది. మంచి పని చేశావు" అన్నాడు. కుర్రాడు వెళ్లి 80డబ్ల్యూ-90 గేరు ఆయిలు తెచ్చాడు.

నూనెను పోసే రంధ్రం కింది అంచు దాకా పోశారు. పొంగి రాబోతుండగా ఆపి బిరడా బిగించారు. ఇరుసు పైన గాలి పోయే చిన్న గొట్టం ఉంటుంది. దాన్నీ శుభ్రం చేశారు. అది మూసుకుపోతే వేడి గాలి నూనెను చక్రాల వైపు తోస్తుంది. నూనె బ్రేకుల మీద పడితే బ్రేకు పట్టదు.

బండిని కొంత దూరం నడిపి తెచ్చారు. కింద అట్ట పరిచి చూశారు. ఒక్క చుక్క కూడా పడలేదు.

పాత నూనెను కాలువలో పోయకూడదు. నేల మీదా పోయకూడదు. అది నీళ్లను పాడు చేస్తుంది. డబ్బాలో పోసి షెడ్డులోనే ఉంచారు. పాత నూనె కొనేవాళ్లకు ఇస్తారు.

అక్క బిల్లు అడిగి తీసుకుంది. మూత, సీలు మందు, నూనె, కూలి వేరువేరుగా రాయించింది. తారీకు వేయించింది. మరుసటి తెల్లవారుజామున బండి మార్కెట్టుకు కదిలింది. బండి పోయాక అక్క వాకిట్లో నేల చూసింది. పొడిగా ఉంది. కల్లాపి చల్లి ముగ్గు వేసింది.

చదివి చెప్పండి

1. నూనె తీసే ముందు పోసే బిరడాను ఎందుకు విప్పి చూడాలి?
2. నూనెలో ఇనుప ముక్కలు ఉంటే ఏమని అర్థం?
3. అక్క డబ్బా మీద అంకెలు చదవకపోతే ఏం జరిగేది?
4. మీ ఇంట్లో ఏదైనా డబ్బా తీసుకోండి. దాని మీద ఉన్న అంకెలు చదివి రాయండి.