జింక వేట: తుపాకీ తన్నుకీ దెబ్బకీ లంకె లేదు

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడడం నేరం. అమెరికాలో అలా కాదు. అక్కడ సీజన్ పెట్టి, లైసెన్సులిచ్చి, ఒక్కొక్కరు ఎన్ని కొట్టవచ్చో చెప్పి రాష్ట్రాలే అనుమతిస్తాయి. తొలిసారి రైఫిల్ కొనే వారిని అక్కడ తప్పుదారి పట్టించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: కాల్చినప్పుడు భుజాన్ని గట్టిగా తన్నే తుపాకీ అయితేనే జింక పడుతుంది.

వాస్తవం: జింకను పడగొట్టేది ముందుకాలి జబ్బ వెనక, గుండె ఊపిరితిత్తుల్లో దిగిన తూటా. 1955లో వచ్చిన .243 విన్‌చెస్టర్ క్యాలిబర్ 100 గ్రెయిన్ల తూటాను, అంటే ఆరున్నర గ్రాములను, సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో పంపుతుంది. దాని తన్ను మాత్రం పేరుమోసిన 30-06లో దాదాపు సగమే. 6.5 క్రీడ్‌మోర్, 7ఎంఎం-08 రెమింగ్టన్‌ల తన్ను ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది.

అపోహ: తన్ను తక్కువ తుపాకులు ఆడవాళ్లకూ పిల్లలకూ మాత్రమే. మగవాళ్లకు తన్ను అలవాటైపోతుంది.

వాస్తవం: తన్ను బెదురు ఎవరినీ వదలదు. షూటింగ్ రేంజ్‌లో మీకు తెలియకుండా అసలు తూటాల మధ్య ఒక డమ్మీ తూటా పెట్టమని స్నేహితుణ్ని అడగండి. ట్రిగ్గర్ నొక్కితే 'టక్' అంటుంది, అంతే. తుపాకీ పేలకపోయినా గొట్టం కిందికి వంగిందంటే, కళ్లు మూతపడ్డాయంటే, మీ ఒళ్లు తన్నుకు ముందే జడుసుకుందన్నమాట. రేంజ్‌లో ఆ బెదురు వల్ల కాగితం మీద చిల్లు పక్కకు పోతుంది. అడవిలో తూటా జింక పొట్టలో దిగుతుంది. ఆ జింక పొదల్లోకి పరుగెత్తి, గంటల తరబడి నరకయాతన పడి చస్తుంది.

అపోహ: తుపాకీ తేలికైతే తన్నూ తేలికే.

వాస్తవం: సరిగ్గా తిరగేసి చెప్పిన మాట. అదే తూటాను మూడు కిలోల రైఫిల్‌తో కాకుండా నాలుగు కిలోల దానితో పేలిస్తే తన్ను శక్తి నాలుగో వంతు తగ్గుతుంది. తన్ను తక్కువగా తగలాలంటే భుజానికి ఆనించే బట్ పొడవు కూడా మీ చేతికి సరిపోవాలి, చివర మెత్తటి రబ్బరు ప్యాడ్ ఉండాలి.

అపోహ: ఎంత తన్నినా గొట్టం చివర మజిల్ బ్రేక్ బిగిస్తే సరి.

వాస్తవం: తన్ను తగ్గే మాట నిజమే. కానీ పేలుడు వాయువులు పక్కలకు చిమ్మి, మోత మీ చెవులకూ పక్కవాళ్ల చెవులకూ మరింత గట్టిగా తగులుతుంది. చెవులకు రక్షణ లేకుండా ఒక్కసారి కాల్చినా వినికిడి దెబ్బతినవచ్చు.

అపోహ: క్యాలిబర్ సరైనదైతే ఏ తూటా అయినా ఒకటే.

వాస్తవం: .243లోనే 55 గ్రెయిన్ల తేలికపాటి తూటాలూ దొరుకుతాయి. వాటిలో చాలావరకు చిన్న జంతువుల కోసం చేసినవి. జింకకు తగిలితే పైపైనే చిట్లిపోవచ్చు. పెట్టె మీద జింకలకని రాసి ఉన్న, లోతుగా దిగే తూటానే తీసుకోండి.

కాబట్టి కొట్లో కౌంటర్ ముందు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'ఈ తుపాకీని బెదరకుండా కాల్చగలనా?' అవునని నిజాయితీగా చెప్పగలిగితేనే కొనండి. ప్రాణం తీయడానికి పూనుకున్నవాడు ఆ ప్రాణికి చేయగలిగిన న్యాయం, బాధ లేకుండా ఒక్క దెబ్బతో ముగించడమే.