అమరావతి రాళ్ల ముందు పెన్సిలు పట్టి

అమరావతి: అమరేశ్వరుని దర్శనానికి వచ్చిన యాత్రికులు చాలామంది పక్కనే ఉన్న పురావస్తు మ్యూజియంలో ఒక చుట్టు తిరిగి, పది నిమిషాల్లో బయటికి వస్తారు. బొమ్మలు గీయాలనే కోరిక ఉండి, ఊళ్లో డ్రాయింగు మాస్టారు లేని పిల్లలకు ఆ పది నిమిషాలు చాలవు. పూటంతా కూర్చోవలసిన చోటు అది. ఇంట్లో తాతను కూర్చోబెట్టి గీయబోతే అయిదు నిమిషాలకే కదులుతాడు. రాయి కదలదు. పైగా ఇక్కడి శిల్పాలు చాలావరకు తెల్లని సున్నపురాతి పలకల మీద కొద్దిగా పైకి తేలినట్టు చెక్కినవి. అంచు గీత స్పష్టంగా కనబడుతుంది కనుక కొత్త చేతికి అనువు.

ఈ రాళ్లను చూసి గీసినవారు లోగడ కూడా ఉన్నారు. వారి పని ఎంత విలువైనదో తరువాత తెలిసింది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టిస్తున్న రోజుల్లో దీపాలదిన్నె తవ్వకంలో ఈ చెక్కుడు రాళ్లు బయటపడ్డాయి. కొన్ని గోడలకు, మెట్లకు పోయాయి. కొన్నిటిని సున్నం కోసం బట్టీలో కాల్చారు. 1790ల చివర ఒకసారి వచ్చి చూసిన కల్నల్ మెకంజీ 1816లో చిత్రకారులతో మళ్లీ వచ్చి, మిగిలిన పలకల బొమ్మలు గీయించాడు. ఆ కాగితాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలోని కొన్ని రాళ్లు నేడు ఎక్కడా లేవు. కాగితం మీది గీత తప్ప వాటికి వేరే ఆనవాలు లేదు.

ఆ చిత్రకారులు తోచినట్టు గీసి ఉంటే ఆ కాగితాలు ఎవరికీ పనికివచ్చేవి కావు. మ్యూజియంలో నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే. ముక్కు విరిగిన చోట ముక్కు గీయరాదు. చెయ్యి లేకపోతే విరిగిన అంచే గీయాలి. అందంగా పూర్తిచేయాలని మనసు లాగుతుంది, నిజమే. ఆ సరదా ఇంటికి వెళ్లాక వేరే కాగితం మీద తీర్చుకోవచ్చు.

పద్మంతో మొదలు

మొదటిసారి వెళ్లినవారు మనుషులు కిక్కిరిసిన పలక జోలికి పోకుండా, కంచె రాళ్ల మీది పద్మం ముందు కూర్చోవడం మేలు. నడుమ బొడ్డు, చుట్టూ వలయాలు, వలయానికొక వరుస రేకులు. వాకిట్లో ముగ్గు వేసే చెయ్యికి ఇది కొత్త కాదు. ఆడపిల్లలు ఇక్కడ మగపిల్లల కంటే ముందుంటారు. ఎదురుగా నిలబడితే పద్మం గుండ్రం. నాలుగడుగులు పక్కకు జరిగితే అదే పద్మం కోడిగుడ్డులా కనబడుతుంది. కన్ను చూసింది గీయాలా, మనసుకు తెలిసింది గీయాలా అనే చిక్కు అక్కడే మొదలవుతుంది. కన్ను చూసిందే గీయాలి.

తరువాత పూర్ణకుంభం. నిలువుగా నడిమి గీత వేసుకుని, కడుపు ఎక్కడ ఉబ్బిందో, మెడ ఎక్కడ సన్నబడిందో చూసుకుంటూ పోవాలి. చెయ్యి కుదిరాక పెద్ద పూలదండ మోసే యువకుల వరుస. మొహాలతో ప్రారంభిస్తే బొమ్మ చెడుతుంది. దండ వంపును ముందు ఒక్క గీతలో పట్టి, ఆ బరువుకు నడుము ఎటు ఒరిగిందో, ఏ కాలు నేలకు ఆనిందో గుర్తించాలి. వేళ్లు, నగలు చివరి పని.

ఇక్కడి రాళ్లన్నీ ఇక్కడే లేవు. ఎక్కువ భాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. చెన్నై వెళ్లే పని పడితే నలగిరి ఏనుగు పలకను వదలరాదు. ఒకే గుండ్రంలో ఏనుగు రెండుసార్లు కనబడుతుంది. ఒకచోట జనాన్ని తొక్కుతుంది, మరొకచోట బుద్ధుని పాదాల ముందు మోకరిల్లుతుంది. కిటికీల్లోంచి తొంగిచూసే మనుషులు కూడా ఉన్నారు. అంత జనాన్ని అంత చిన్న చోట శిల్పి ఎలా ఇమిడ్చాడో గీయబోయినవారికే అర్థమవుతుంది.

ఖర్చు పెద్దగా లేదు. ఒక అట్ట, తెల్ల కాగితాలు, మెత్తని పెన్సిలు చాలు. రబ్బరు ఇంటిదగ్గర వదిలి వెళ్లడమే మంచిది, చెరిపే చెయ్యి చూడడం మానేస్తుంది. రాయిని తాకడం, దాని మీద కాగితం ఆనించి రుద్దడం కూడదు. అట్ట తెరిచే ముందు కాపలా సిబ్బందిని ఒక మాట అడగాలి. ప్రతి బొమ్మ కింద తేదీ వేసుకోవాలి. మ్యూజియానికి శుక్రవారం సెలవు.